గుడ్ల డబ్బాలో స్కూటర్లు

బహుళ సప్తమి

నిన్నటిదాకా ఈ డబ్బా ట్రాలీలో కోడిగుడ్లు తిరిగాయి. ఇకమీదట స్కూటర్లు తిరగాలి. పంచాయతీవాళ్ళు పొద్దున్నే వచ్చి ఆ ముక్క చెప్పి, టీ తాగి వెళ్ళిపోయారు. ఎలా తిరగాలో మాత్రం చెప్పలేదు. అందుకని చేసింది చేసినట్టు రాసిపెడుతున్నాను. రేపు ఇంకో లంక మునిగి, ఇంకెవడో ఈ పనికి దిగితే వాడికి ఉపయోగపడుతుంది. మధ్యలో నా తిట్లు కూడా ఉంటాయి, అవి వదిలేసి చదువుకోవచ్చు.

సముద్రం మా రేవువీధి దాకా వచ్చి, అత్తారింటికొచ్చిన కొత్తల్లుడిలా తిరిగి వెళ్ళడం మానేసింది. ఊరంతా మిట్టమీదున్న మెట్టూరుకి మారిపోవాలి, వచ్చే పున్నమి పోటుకి ఆ దారి కూడా మునిగిపోతుందట. మనుషులకీ సామాన్లకీ పడవలున్నాయి. చిక్కంతా స్కూటర్లతోనే. మా వీధుల్లో అయితే కిందున్న దారే వాటికి కరెంటు పెడుతుంది. మెట్టూరుకీ మాకూ మధ్య మూగనేల ఉంది. అక్కడ దారి పెట్టదు, తీగ పలకదు, ఏ వస్తువూ ఇంకో వస్తువుతో మాట్లాడదు. నడుపుకుంటూ పోవడం కుదరదు, మోసుకుపోవాలి.

మోసుకుపోవడానికీ ఒక పేచీ ఉంది. ఎండ తగిలితే స్కూటరు నిద్ర లేస్తుంది. లేచాక మీద తన మనిషి లేకపోతే వెతుక్కుంటుంది. వెతికి వెతికి ఒంట్లో కరెంటు అయిపోతే ఆ మనిషినే మర్చిపోతుంది. పోయినేడు పొరుగు లంకవాళ్ళు పైకప్పు లేని లారీల్లో తీసుకెళ్ళారు. దింపేసరికి ఒక్కటి కూడా సొంతమనిషిని గుర్తుపట్టలేదు. కాబట్టి చీకటి డబ్బా కావాలి. ఊళ్ళో చీకటి డబ్బా ఉన్నది నా ఒక్కడికే.

"ముప్పయ్యేళ్ళు గుడ్లు మోసిన మనిషికి స్కూటర్లో లెక్కాండీ?" అంది మా ఆవిడ తాయారు. మెచ్చుకుందో వెక్కిరించిందో ఇంకా తేల్చుకోలేదు.

బహుళ నవమి

డబ్బా కడిగాను. లోపల నిలబడి తలుపు మూసుకుంటే పగలే నక్షత్రాలు. పాత రేకు కదా, ఉప్పుగాలికి ఒళ్ళంతా సూదిమొన చిల్లులు. పని మర్చిపోయి చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను. మా ఆకాశానికి ఉప్పుమబ్బు పట్టి ఎన్నాళ్ళయిందో, చంద్రుణ్ణి కూడా చూడలేం. తిథి ఏమిటో నీళ్ళు చెబుతాయి. అలాంటిది నా గుడ్ల డబ్బాలో ఇన్ని చుక్కలు పెట్టుకుని తిరిగాను, ఇన్నేళ్ళూ తల ఎత్తి చూడలేదు.

అన్నిటినీ తారుముద్దలతో ఒక్కొక్కటిగా ఆర్పేశాను. మనసుకి కష్టంగానే ఉంది. బయట అరుగుమీద కూర్చున్నవాళ్ళు "గుడ్ల తాతారావు కోడిగుడ్డుమీద ఈకలు పీకుతున్నాడ్రోయ్" అని ఒకటే నవ్వు. ఒక్క చిల్లు మిగిలినా వాళ్ళ స్కూటర్లే వాళ్ళని మర్చిపోతాయని వాళ్ళకి చెప్పలేదు. నవ్వుకోనీ.

గాలికి వంపు గొట్టాలు పెట్టాను. వంపులో గాలి తిరిగి లోపలికొస్తుంది, వెలుతురు తిరగలేక బయటే ఆగిపోతుంది. కింద మందపాటి చెక్కబల్లలు, వాటిమీద రబ్బరు షీటు. వెనక తలుపుని దించితే అదే ఎక్కుడుబల్ల. బరువంతా ఇరుసుకి కాస్త ముందుకి ఉండేలా చూసుకున్నాను, వెనక బరువెక్కితే ట్రాలీ ఆంబోతులా తోక ఆడిస్తుంది. ముందుచక్రం దూరడానికి చెక్కగూళ్ళు, ఒక్కో స్కూటరుకీ నాలుగుపక్కలా బిగించడానికి బెల్టులు. గుడ్లవ్యాపారం నాకు నేర్పింది ఒక్కటే మాట: కదిలితే పగులుద్ది. ఆ లెక్కనే బెల్టులు బిగించాను. స్ప్రింగులు పూర్తిగా అణిగి, బండి గోడలో భాగం అయిపోయింది.

సాయంత్రం సుగుణమ్మగారు వచ్చారు. మా లంకకంతా నర్సు ఆవిడే. అందరం సిస్టరుగారు అంటాం. ఆరేళ్ళ కిందట ఆవిడకి చెవిజ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ అప్పటినుంచీ నేల నిలకడగా లేదు. ఆవిడ కాలు పెట్టిన చోటల్లా పడవలా ఊగుతుందట. నడవాలంటే గోడ కావాలి, గోడ లేకపోతే ఎవరి భుజమో కావాలి. స్కూటరెక్కారంటే మాత్రం కొలువులో కూర్చున్న రాణిలా నిటారుగా ఉంటారు. ఆ తూలుడు మెల్లమెల్లగా ముదురుతుంటే, ఆ బండి కూడా మెల్లమెల్లగా దాన్ని నేర్చుకుంది. ఆవిడ ఎడమకి తూలితే అది కుడికి ఒరుగుతుంది. మనిషీ బండీ కలిసి ఒక మనిషి నిలకడ. నిద్రలో గువ్వలా మూలుగుతుందని దానికి పావురం అని పేరు పెట్టుకున్నారు.

గోడ పట్టుకుని డబ్బా అంతా చూశారు. "తాతారావుగారూ, ఇది నన్ను మర్చిపోతే మళ్ళీ నేర్పడం నావల్ల కాదండి. నేర్పాలంటే ముందు పడకుండా కూర్చోవాలి కదా, ఆ కూర్చోవడమే రాదు నాకు. ఇక ఇంట్లో ఉండిపోవాలి. ఇంట్లో కూర్చున్న నర్సుని ఎవరు పిలుస్తారండి?"

"గుడ్డు కూడా పగలదండి నా బండిలో, మీరు నిశ్చింతగా ఉండండి" అన్నాను.

బహుళ ద్వాదశి

పరీక్షకి తాయారు స్కూటరు తీసుకెళ్ళాను. మూగనేల సగందాకా వెళ్ళి తిరిగొచ్చాను. ఉప్పుచవుటిమీద పలచగా నీళ్ళు, నీళ్ళలో మబ్బులు. ట్రాక్టరు ఆకాశంమీద పోతున్నట్టుంటుంది. కొబ్బరినూనెతో నడిచే ఇంజను కాబట్టి వెనకాల ఎవరో అప్పాలు వేయిస్తున్నట్టు వాసన. ఆ దారిలో మనిషికి తన ఆలోచనలు కూడా కొంచెం దూరంగా వినిపిస్తాయి. అంత నెమ్మదిగా, అంత జాగ్రత్తగా నడిపాను.

ఇంటికొచ్చి దింపితే, తాయారు ఎప్పటిలా ఎడమచంకన గుడ్లబుట్ట పెట్టుకుని ఎక్కింది. ఆ బుట్ట బరువుకి తగ్గట్టు కుడికి ఒరగడం ఆ బండికి వెన్నతో పెట్టిన విద్య. ఇవాళ అది ఒరగలేదు. కొత్త పెళ్ళికొడుకులా బిర్రబిగుసుకుని సూటిగా నిలబడింది. తాయారూ బుట్టా కలిసి బోదెలో పడ్డారు. గుడ్లు మునిగాయి. అంటే తాజావే.

నేను నవ్వాను. నవ్వకూడదని తర్వాత తెలిసింది. తాయారు తిట్టలేదు. తడిబట్టలతో అరుగుమీద కూర్చుని బండి చేతులు తుడుస్తూ, "నాలుగేళ్ళు దానికి నన్ను నేర్పుకున్నానండీ" అంది. అంతే. ముప్పయ్యేళ్ళ కాపురంలో అన్ని తిట్లు తిన్నాను గానీ ఒక్కటీ ఇంత తగల్లేదు.

వెలుతురు చొరబడలేదు. కుదుపు లేదు. కరెంటు నిండుగా ఉంది. మరి ఎక్కడ పోయింది ఆవిడ వాలు? తాయారు మళ్ళీ నేర్పుకుంటుంది, మోకాళ్ళు నాలుగుసార్లు దోక్కుంటే దానికే వస్తుంది. సిస్టరుగారికి ఆ దారి కూడా లేదు.

అమావాస్య

పోటుకి రేవువీధి మలుపు మునిగింది. ఆ మలుపులో కిళ్ళీకొట్టు రేకుమీద పీత ఒకటి ఎండ కాగుతూ కూర్చుంది.

బెల్టులు వదులు చేసి చూశాను, స్కూటర్లు ఒకదానిమీద ఒకటి పడ్డాయి. రెండు బిగించి రెండు వదిలాను, ఒక అద్దం పగిలింది. అన్నిటినీ మళ్ళీ బిగించి, చుట్టూ ఊకబస్తాలు కుక్కి తీసుకెళ్ళాను. ఈసారి పక్కింటాయన బండి. అదీ ఆయన్ని మర్చిపోయింది. ఇప్పుడు అరుగుమీద ఎవరూ నవ్వడం లేదు. పలకరించడం కూడా మానేశారు.

మధ్యాహ్నం పెరట్లో కూర్చుని తింటున్నాను. ఎదురుగా గంపలో తాయారు నల్లపెట్ట పొదుగుతోంది. అది ఉన్నట్టుండి లేచి, ముక్కుతో గుడ్లని ఒక్కొక్కటే అటు దొర్లించి ఇటు దొర్లించి, మళ్ళీ సర్దుకుని కూర్చుంది.

"దానికేం పోయేకాలం? కుదురుగా ఉండనివ్వదేం వాటిని?" అన్నాను.

తాయారు నావైపు జాలిగా చూసింది. "తిప్పకపోతే లోపల పిల్ల పెంకుకి అంటుకుపోద్దండీ. ఇన్నేళ్ళు గుడ్లు మోసి ఆ మాత్రం తెలీదా?"

నేను మోసినవి తినే గుడ్లు. అవి కదలకుండా ఉంటే చాలు. వాటిలోపల ఎవరైనా ఉన్నారేమో అని ఆలోచించే అవసరం నాకెప్పుడూ రాలేదు.

ఎంగిలిచెయ్యి కడుక్కోకుండానే వీధిలోకి పోయాను. అరుగులమీద, వేపచెట్ల నీడన, ఊరి స్కూటర్లన్నీ గోనెపట్టాల కింద నిద్రపోతున్నాయి. రోజూ చూసేదే. ఒక్కొక్కటీ నిద్రలో కూనిరాగం తీస్తూ, కనీకనపడనంత మెల్లగా అటు ఒరిగి ఇటు ఒరుగుతోంది. తమ మనిషి వాలుని నిద్రలో వల్లె వేసుకుంటున్నాయి. నేను వాటిని బెల్టులతో గోడకి కట్టేసి, ఆ వల్లెవేతనే ఆపేశాను. నాలాంటి బుద్ధిమంతుడు లంక మొత్తంలో ఇంకొకడు ఉండడు.

శుద్ధ పంచమి

బెల్టులు విప్పి ట్రాక్టరు సీటు వెనక గిరవాటేశాను. కింద బల్లలన్నీ పీకేసి, నిలువునా కోసి, ఒక్కో స్కూటరుకీ ఒక్కో బల్ల చేశాను. ప్రతి బల్ల కిందా నడిమధ్యన ఒక ఇనుపకడ్డీ, దానిమీద బల్ల తక్కెడలా అటూ ఇటూ ఒరుగుతుంది. ట్రాలీ చక్రంనుంచి సైకిలు గొలుసు ఒకటి లోపలికి తెచ్చి, బల్లలన్నిటికీ తగిలించాను. బండి నడిచినంతసేపూ బల్లలు ఊగుతాయి. స్కూటరు మరీ ఒరిగిపోకుండా రెండుపక్కలా ఊకబస్తాలు. ముందుచక్రం గూళ్ళు మాత్రం అలాగే ఉంచాను, అవి చేసిన తప్పేం లేదు.

ఈసారి నా స్కూటరే ఎక్కించాను. పోతే నాదే పోవాలి. మూగనేలలో ట్రాక్టరు నడుపుతుంటే వెనకనుంచి కూనిరాగం వినిపించింది. ఇన్ని ప్రయాణాల్లో వెనకనుంచి ఏమీ వినపడకపోవడం నాకు తప్పుగా తోచనేలేదు. గుడ్లు పాడవు కదా.

ఇంటికొచ్చి ఎక్కాను. నా కుడిభుజం ఎప్పుడూ దిగి ఉంటుంది. కింద బండి మెల్లగా ఎడమకి సర్దుకుంది. వయసొచ్చిన మగాణ్ణి, వీధిలో ఏడిస్తే బాగోదని మొహం తుడుచుకుంటూ రెండు వీధులు ఊరికే తిరిగొచ్చాను.

శుద్ధ ఏకాదశి

రోజుకో ప్రయాణం. ఊరి స్కూటర్లు మెట్టూరు చేరాయి. కొన్ని సగంసగం గుర్తుంచుకున్నాయి, ఊయల ఊపుకీ మనిషి వాలుకీ మధ్య కొంచెం తికమక. ఓ వారం తిరిగితే సర్దుకుంటాయి. తాయారు కూడా కోళ్ళతో సహా పడవెక్కింది. ఎక్కుతూ, "ఇల్లు తాళం వెయ్యనా?" అంది. ఎవరికోసం వెయ్యాలో ఇద్దరికీ తోచలేదు. వెయ్యలేదు.

సిస్టరుగారు మాత్రం కదలనంటున్నారు. బేబీరాణి అని, వీధి చివర అమ్మాయి, నిండు నెలలు. ఆ కాన్పు అయితేగానీ రానన్నారు. "పున్నమి ఆగదండి" అన్నాను. "పిల్లా ఆగదండి, ఏది ముందొస్తే దాన్ని చూద్దాం" అన్నారు.

చతుర్దశి

నిన్న మధ్యాహ్నం ఆడపిల్ల పుట్టింది. ఇవాళ పొద్దున్నే తల్లీపిల్లా పడవలో వెళ్ళారు. ఊళ్ళో నేనూ, సిస్టరుగారూ, పావురం మిగిలాం. ఆవిడ నీళ్ళు నిలిచిన వీధిలో నిటారుగా స్కూటరుమీద వచ్చి, ట్రాలీ దగ్గర దిగి, వెంటనే నా భుజం పట్టుకున్నారు. పావురాన్ని ఎక్కించి తలుపు మూశాం. కాసేపటికి లోపలనుంచి గువ్వమూలుగు మొదలైంది. బయల్దేరాం.

మూగనేల నడిమధ్యన ట్రాలీ ఎడమచక్రం గుంటలో దిగింది. లోపల గొలుసు ఫట్టున తెగింది. బల్ల ఊగడం ఆగిపోయింది.

తూర్పునుంచి నీళ్ళు వస్తున్నాయి. అల కాదు, చప్పుడు లేదు. మబ్బులు నేలమీద పాకుతూ మావైపు వస్తున్నట్టుంది. చూడ్డానికి ఎంత అందంగా ఉందో అంత భయం వేసింది.

"మూలుగు సన్నబడుతోందండి" అన్నారు సిస్టరుగారు. రేకుకి చెవి ఆనించి ఉన్నారు.

"ట్రాలీ వదిలేసి ట్రాక్టరుమీద పోదామండి. ప్రాణాలుంటే..."

"మీరు చక్రం చూడండి. నేను బండిని చూసుకుంటాను."

"మీరు నిలబడలేరు కదండి లోపల."

"చీకట్లో మీకైనా నాకైనా ఒకటే కదండి" అన్నారు. ముందువైపు చిన్న తలుపుంది, నేను గొలుసుకోసం పెట్టుకున్నది. దానిమీద టార్పాలిన్ కప్పి పట్టుకున్నాను, దుప్పట్లో దూరినట్టు కిందనుంచి పాక్కుంటూ వెళ్ళిపోయారు. వెలుతురు గింజంత కూడా పోలేదు.

నేను బురదలో కూర్చున్నాను. లాగుదామంటే ట్రాక్టరు వెనకచక్రాలు తిరిగిన కొద్దీ జారుతున్నాయి. అప్పుడు సీటు వెనక పడేసిన బెల్టులు గుర్తొచ్చాయి. తెచ్చి ఆ చక్రాలకి అడ్డంగా వరసగా చుట్టి బిగించాను, పట్టు దొరకడానికి. బిగించడం ఒక్కటే కదా నాకు చేతనైన విద్య.

లోపలనుంచి చప్పుడు వస్తోంది. బల్ల అటు వాలుతోంది, ఇటు వాలుతోంది. కానీ ఒక తీరూ తెన్నూ లేదు. ఒకసారి చటుక్కున, ఒకసారి చాలాసేపటికి, మధ్యలో ఆవిడ భుజం రేకుకి కొట్టుకున్న చప్పుడు.

"సమంగా ఊపండి సిస్టరుగారూ! మెల్లగా, సమంగా!"

"నాకు సమంగా ఎప్పుడొచ్చిందండి!" అని లోపలనుంచి అరిచారు. నవ్వుతున్నారు. ఏడుస్తున్నారు కూడానేమో.

ఆ వెనకే మూలుగు మళ్ళీ మొదలైంది. మొదట సన్నగా, తర్వాత నిండుగా. నా గొలుసు ఊయలలో ఎప్పుడూ అంత గట్టిగా వినలేదు. బురద చేతులతో అలాగే ఆగిపోయాను. ఆవిడ తూలుడే దానికి తెలిసిన పాట. ఆరేళ్ళనుంచీ ఆవిడ పడిపోకుండా అది చూసుకుంది. ఇవాళ అది పడిపోకుండా ఆవిడ తూలుతున్నారు.

బెల్టులు పట్టు ఇచ్చాయి. ట్రాలీ చక్రం గుంటలోంచి లేచింది. గొలుసు అతకడానికి సమయం లేదు, నీళ్ళు ఇరుసు అంటుతున్నాయి. మెట్టూరు గట్టు ఎక్కేదాకా దారంతా ఆవిడ లోపలే. గతుకు వచ్చినప్పుడల్లా "జాగర్తండీ" అని నేను అరవడం, "మీ దారి మీరు చూసుకోండి" అని ఆవిడ కసరడం.

వెనకతలుపు దించేసరికి ఆవిడ బల్లపక్కన కూలబడి ఉన్నారు. జుట్టు విడిపోయింది, రెండు చేతులూ బండిని పట్టుకునే ఉన్నాయి, భుజం కమిలిపోయింది. ఎండ లోపలికి పడింది. పావురం దీపం ఒకసారి రెప్పలాడించింది. తన మనిషి ముందే ఉంది, వెతుక్కోలేదు.

ఎక్కడానికి ఆవిడ భయపడ్డారు. నేనూ భయపడ్డాను. గట్టుమీద తాయారు నోట్లో కొంగు కుక్కుకుని నిలబడింది. ఆవిడ ఎక్కారు. ఎక్కగానే ఎడమకి తూలారు. పావురం కుడికి ఒరిగింది.

ఇంతలో ఎవరో పెద్దాయన పరిగెత్తుకుంటూ వచ్చి, "లంక సిస్టరుగారంటే మీరేనాండీ? మా కోడలికి నెప్పులొచ్చాయి" అన్నాడు. ఆవిడ జుట్టు ముడేసుకుని, "ఎటండి?" అన్నారు.

బహుళ విదియ, మెట్టూరు

లంక మునిగింది. ఇక్కడివాళ్ళకి పోటూ లేదు, తిథీ లేదు. నేను అలవాటుకొద్దీ రాస్తున్నాను. నల్లపెట్ట పిల్లల్ని లేపింది. పడవ ప్రయాణంలో కూడా గుడ్లు తిప్పడం మానలేదట.

మెట్టూరు వీధులు తాడు పట్టి గీసినట్టుంటాయి. మా కొత్త ఇళ్ళనుంచి బజారుకి ఒక్క మలుపు కూడా లేదు. సిస్టరుగారు రోజూ పొద్దున్నే అటే వెళ్తారు. కొంతదూరం పోయాక ఒకచోట పావురం నెమ్మదించి, దారి లేని వైపుకి మెల్లగా ఒరిగి, మళ్ళీ లేస్తుంది. చెడిపోయిందేమో, ఒకసారి చూడనా అని అడిగాను.

"వద్దండి. అది రేవువీధి మలుపు" అన్నారు.

ఆవిడ పాత ఇంటినుంచి రేవువీధి మలుపు సరిగ్గా అంత దూరమే. లంకనుంచి వచ్చిన బండ్లు దాదాపు అన్నీ తమ పాత ఇంటి లెక్కన అలా ఒకచోట ఒరుగుతున్నాయి. నాదీ ఒరుగుతోందట, తాయారు చెబితేగానీ నాకు తెలియలేదు. మెట్టూరువాళ్ళు అరుగులమీద కూర్చుని మమ్మల్ని వింతగా చూస్తున్నారు.

తాయారు స్కూటరు మాత్రం సూటిగా పోతుంది. నేనే కదా దాన్ని మర్చిపోయేలా చేసింది. అందుకని తాయారు రోజూ నాది ఒరిగే చోటికి రాగానే బుట్ట గట్టిగా పట్టుకుని, తనే ఎడమకి ఒరిగి, లేని మలుపు దానికి నేర్పుతోంది.